రాణీ గడి

మౌలాబీ దగ్గర ఉన్నది చదరం. ఆమెకు కావలసింది పొడుగు గుడ్డ.

చదరం ఏ వైపు కొలిచినా రెండున్నర జానలు. ఊరి బయట కబరస్తాన్‌లో ఆమె కూతురు జైతూన్ సమాధి ఇంకా మట్టిదిబ్బగానే ఉంది. దాని వెడల్పు రెండున్నర జానలు, పొడవు ఆరు. జైతూన్ పోయి ముప్పై ఏడు రోజులైంది. నలభయ్యో రోజు ఆదివారం. పిల్ల తన చేత్తో అల్లిన ఊలు గుడ్డే ఆ రోజు ఆ మట్టి మీద కప్పాలని మౌలాబీ పట్టుదల.

జైతూన్‌కు పదకొండేళ్ళు. తొమ్మిది రోజుల జ్వరంలో పోయింది.

అల్లిక రాక వచ్చిన ఇబ్బంది కాదు ఇది. గుండ్లకమ్మ ఏటి వారనున్న ఆ చిన్న ఊళ్ళో అల్లికల సెంటరు నడిపేది మౌలాబీయే. పద్నాలుగు మంది ఆడపిల్లలు ఆమె దగ్గర క్రోషా సూది పట్టడం నేర్చుకుంటున్నారు. తప్పు కనబడితే ఆమె కేకలు వేయదు. గుడ్డను వేలితో ఒకసారి తట్టి, ‘‘విప్పు’’ అంటుంది. తప్పు పది వరసల కింద ఉంటే పది వరసలూ విప్పాల్సిందే. పిల్లలు చాటున ఆమెను విప్పు టీచరు అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

జైతూన్ వదిలి వెళ్ళిన చదరాన్ని సెంటరులో రాణీ గడి అంటారు. ఏదో ఇంగ్లీషు పుస్తకంలో దాని పేరు గ్రానీ అని ఉందట, అంటే అమ్మమ్మ. ఎవరికో అది రాణి అని వినబడింది. అదే నిలిచిపోయింది. మధ్యలో చిన్న గొలుసు ఉంగరం. దాని చుట్టూ మూడేసి కుట్లు ఒక గుత్తి, గుత్తికీ గుత్తికీ నడుమ ఒక సందు. నాలుగు మూలల్లో మాత్రం ఒకే సందులో రెండు గుత్తులు వేసి మలుపు తిరగాలి. ఎన్ని చుట్లు తిరిగినా గడి నాలుగు వైపులా సమానంగానే పెరుగుతుంది. పెద్దదవుతుంది గాని పొడుగవదు.

పొడుగు గుడ్డ కావాలంటే మొదట్లోనే ఉంగరం మాని పొడవాటి గొలుసు వేసుకోవాలి. దానికి రెండు పక్కలా తిరుగుతూ అల్లాలి. మౌలాబీ నేర్చుకున్న పద్ధతి అదొక్కటే. ఆ లెక్కన జైతూన్ అల్లిన పదహారు చుట్లూ నడిమి ఉంగరం దాకా విప్పాలి.

మంగళవారం నాడు ఆమె కొస పట్టుకుని లాగింది. ఒక గుత్తి ఊడి వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఊడిన మూడు కుట్లూ అదే సందులో మళ్ళీ వేసి, సూది పక్కన పెట్టింది.

‘‘బజార్లో చాదర్ తెస్తాలే,’’ అన్నాడు ఆమె భర్త సైదులు. అతను దూది ఏకి పరుపులు కుడతాడు. ‘‘ఆకుపచ్చది, జరీ అంచుది. పిల్లకు బాగుంటది.’’

‘‘వద్దు.’’

‘‘పోనీ, ఇంకో రెండు గడులు అల్లి దీనికి అతుకు.’’

‘‘మూడు గడులంటే ఏడున్నర జానలు. కొలత తప్పు. అతుకు కూడా పడతది.’’

సైదులు కనురెప్పల మీది దూది తుడుచుకుని బయటికి వెళ్ళాడు.

గురువారం పొద్దున్నే మౌలాబీ గడినీ తన సూదినీ ఒక పాత తువ్వాలులో చుట్టుకుని గట్టు మీది దర్గాకు వెళ్ళింది.

అక్కడ గులాం దస్తగిరి షా అనే ముసలాయన ఉంటాడు. ఊళ్ళో దూదేకుల నూర్‌బాషాలందరికీ ఆయన తాత. పన్నెండేళ్ళ కిందట, పిల్లలు లేరన్న దిగులుతో ఉన్న రోజుల్లో, మౌలాబీ ఆయన చేయి పట్టి శిష్యురాలైంది. ఏడాది తిరగకుండా జైతూన్ పుట్టింది. పని అయిపోయింది కదా అని మౌలాబీ రావడం మానలేదు. ప్రతి గురువారం వచ్చి దర్గా ముంగిలి ఊడ్చి, ఆయన చెప్పింది విని వెళ్ళేది. చాలా గురువారాలు ఆయన ఏమీ చెప్పేవాడు కాదు.

ఆయన నమాజు టోపీలు అల్లుకుని బతుకుతాడు. తెల్లదారం, ఒకటే సూది. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాక వేళ్ళతో చూసి అల్లుతున్నాడు. ఒకసారి మౌలాబీ ఉండబట్టలేక, ‘‘తాతా, టోపీలు ఒక పక్కకు ఒరుగుతున్నాయి,’’ అంది. ‘‘తలలూ అంతేగా,’’ అన్నాడాయన. అల్లిక గురించి గురుశిష్యులు మాట్లాడుకున్నది ఆ ఒక్కసారే.

ఆ రోజు ఆమె చీపురు ముట్టుకోలేదు. నేరుగా వసారాలోకి వెళ్ళి ఆయన ముందు తువ్వాలు విప్పింది.

ముజావర్ కరీముల్లా గడప దగ్గర అగరొత్తులు విడదీస్తున్నాడు. దర్గాలో దీపం, ఫాతిహా ప్రార్థన చూసేది అతనే. గడిని చూసి, ‘‘ఇదేందమ్మా, దిండు గలీబా?’’ అన్నాడు.

‘‘సమాధి మీద కప్పడానికి.’’

‘‘ఊలుదా? ఒక్క వానకు ముద్దవుతది. మేకలు లాక్కుపోతాయి. మట్టికేం చలేస్తదమ్మా?’’

‘‘మట్టికి లేదు కరీమూ,’’ అన్నాడు ముసలాయన. ‘‘ఈమెకుంది.’’

కరీముల్లా అగరొత్తులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మౌలాబీ తన కష్టం చెప్పింది. కొలతలు చెప్పింది. ఆదివారానికి మూడు రోజులే ఉన్నాయని చెప్పింది. గొలుసు వేసి మొదటి నుంచి అల్లితే రెండు రోజుల్లో అయిపోతుంది, కాని అప్పుడది జైతూన్ అల్లింది కాదు. విప్పకపోతే గడి ఛాతీ దాకా కూడా రాదు.

‘‘విప్పనా, వద్దా? మీరు చెప్పండి తాతా. ఏది చెప్తే అది చేస్తా.’’

ఆయన గడిని ఒళ్ళోకి తీసుకున్నాడు. నడిమి ఉంగరంలో చిటికెన వేలు పెట్టి, అక్కడి నుంచి చుట్టు తర్వాత చుట్టు తడుముతూ అంచు దాకా వచ్చాడు. అంచు దగ్గర మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు.

‘‘ఎన్ని రంగులు?’’

‘‘నాలుగు. సెంటరులో మిగిలిన ముక్కలే. ఎర్ర, చిలకపచ్చ, పసుపు. చివరి రెండు చుట్లూ నీలం.’’

‘‘నీలం వదులుగా ఉంది.’’

‘‘అది జ్వరంలో అల్లింది తాతా.’’

ఆయన తల ఊపాడు. పక్కనున్న తెల్లదారం ఉండ తీసుకున్నాడు. అది టోపీల దారం, ఊలు కంటే సన్నం. రెండు పోగులు కలిపి ఒక మూలలో ముడి వేశాడు. సూది దూర్చి మొదటి గుత్తి అల్లాడు. మూడు కుట్లు. తర్వాతి సందు వెతుక్కుని ఇంకో మూడు. మౌలాబీ అయితే ఊపిరి తీసి వదిలేలోపు వేసే గుత్తికి ఆయనకు నిమిషం పట్టింది. ఒక చోట రెండే కుట్లు పడ్డాయి. ఆమె చెయ్యి ముందుకు వచ్చి ఆగిపోయింది.

పదిహేను సందులు దాటి రెండో మూలకు చేరాడు.

‘‘మూల వచ్చింది తాతా. ఒకే సందులో రెండు గుత్తులు వేసి తిరగండి.’’

ఆయన తిరగలేదు. ఒక గుత్తి వేసి, గడిని ఒళ్ళో బోర్లా తిప్పి, వచ్చిన దారినే వెనక్కి అల్లడం మొదలుపెట్టాడు.

‘‘దారి తప్పారు తాతా.’’

‘‘లేదే. వెనక్కి పోతున్నా.’’

‘‘చుట్టూ తిరగాలి. రాణీ గడి అంటే నాలుగు వైపులా పెరగాలి.’’

‘‘నీకు నాలుగు వైపులా కావాలా?’’

‘‘కాదు...’’

‘‘ఎటు కావాలి?’’

ఆమె చూపుడు వేలితో గడి కింది అంచు చూపించింది. ఆయనకు కనబడదని గుర్తొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని ఆ అంచు మీద పెట్టింది. అప్పటికే ఆయన చెయ్యి అక్కడే ఉంది.

‘‘అటే పోతున్నాగా,’’ అన్నాడు ముసలాయన.

వెనక్కి ఒక వరస. గడి తిప్పి, మళ్ళీ ముందుకు ఒక వరస. వసారా మెట్ల మీద ఉన్న ఎండ మూడో మెట్టు నుంచి రెండోదానికి జరిగింది. మూడు తెల్ల వరసలు పూర్తయ్యేసరికి చదరం చదరంగా లేదు. ఒక వైపు మూడు వేళ్ళ మేర పొడుగైంది. విప్పింది ఏమీ లేదు. పదహారు చుట్లూ ఎక్కడివక్కడ ఉన్నాయి.

ముప్పై ఏళ్ళు సూది పట్టిన మనిషి మౌలాబీ. గడిని అలా ఒక పక్కనే పెంచవచ్చని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఎవరూ చెప్పలేదు కనుక తోచలేదని ఆ క్షణంలో ఆమె అనుకోవచ్చు. కాని చెప్పినవాళ్ళు ఒకరున్నారు.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. చాలాసేపు ఆ మూడు వరసల వంకే చూసింది.

‘‘ఇట్టాగే చేసింది తాతా,’’ అంది.

‘‘ఎవరు?’’

‘‘జైతూన్.’’

ముసలాయన సూది ఒళ్ళో పెట్టుకున్నాడు.

‘‘జ్వరం రాకముందు రోజు. సెంటరులో. అప్పటికి పద్నాలుగు చుట్లు అయినాయి. నేను వేరే పిల్లకు అంచు చూపిస్తన్నా. తిరిగి చూస్తే ఇది ఒక పక్కనే అల్లుకుపోతంది, ముందుకీ వెనక్కీ. ఐదు వరసలు వేసింది. ‘ఏందది?’ అన్నా. ‘పొడుగు వస్తదమ్మా’ అంది. ‘రాణీ గడికి పొడుగేంది, విప్పు’ అన్నా.’’

‘‘విప్పిందా?’’

‘‘విప్పలా. ఎప్పుడూ నా మాట తీసేసే పిల్ల కాదు. ఆ రోజు మాత్రం గడిని ఒళ్ళో దాచుకుని కూర్చుంది. పద్నాలుగు మంది చూస్తన్నారు. టీచరు కూతురు మాట వినకపోతే ఇంక వాళ్ళెవరు వింటారు? నేనే లాక్కుని కొస పట్టి లాగా. ఐదు వరసలూ ఒక్క ఊపున వచ్చినాయి. పిల్లలు నవ్వారు. జైతూన్ కింద పడ్డ ఊలు ఉండ చుట్టుకుంది. ఏడవలా.’’

ఆమె కొంగుతో మొహం తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి కన్నీళ్ళు లేవు. మాట ఒక్కటే సన్నబడింది.

‘‘మర్నాటికి ఒళ్ళు కాలిపోతంది. పడుకోమంటే పడుకోదు. మంచం మీద కూర్చుని ఈ నీలం రెండు చుట్లూ వేసింది, నాలుగు వైపులా, మూల మూలకూ రెండు గుత్తులు. అయినాక నాకు చూపించి, ‘నువ్వు చెప్పినట్టే తిరిగానమ్మా’ అంది. ‘ఊ, బాగుంది’ అన్నా. ఆ మర్నాడు ఆస్పత్రికి తీసుకుపోయాం.’’

లోపల కరీముల్లా బొగ్గు మీద సాంబ్రాణి చల్లాడు. పొగ వసారా దాకా వచ్చి విరిగిపోయింది.

‘‘అది చేసిందే కరెక్టు తాతా. తప్పు నాది. అంతకంటే ఇంకోటుంది. పొడుగు ఎవరికి అని నేను అడగలా. వాళ్ళ నాయనకా, ఎవరికన్నా బహుమానమా, ఊరికే చేసి చూస్తందా, ఏమో. ఒక్క మాట అడిగితే చెప్పేదేగా.’’



ఆమె ముందుకు జరిగి గడి అంచు పట్టుకుంది. ఇప్పుడామె గొంతు టీచరు గొంతులా ఉంది.

‘‘ఈ నీలం చుట్లు విప్పుతా తాతా. ఆ రెండూ నాకు భయపడి వేసినవి. అవి తీసేస్తే అది మొదలుపెట్టిన చోటు వస్తది. అక్కడి నుంచి, అది అనుకున్నట్టే, ఒక పక్కకు అల్లుతా. అదే న్యాయం.’’

‘‘భయపడి వేసిందా?’’

‘‘మరి?’’

ఆయన ఆమె చూపుడు వేలు పట్టుకుని, నీలం చుట్టులో ఒక కుట్టు సందున పెట్టాడు. వేలు సులువుగా దూరింది.

‘‘నీ దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లలు ఎట్టా అల్లుతారు?’’

‘‘బిగించి. సూది కూడా దూరదు. వారం రోజులు చెయ్యి వదులు చెయ్యమని చెప్తూ ఉండాలి.’’

‘‘ఎందుకు బిగిస్తారు?’’

మౌలాబీ సమాధానం చెప్పబోయి ఆగింది. వేలు ఆ సందులోనే ఉంది.

‘‘ఓపిక లేక వదులైంది తాతా,’’ అంది చివరికి. ‘‘నూట మూడు జ్వరం.’’

‘‘కావచ్చు.’’

ఆయన గడిని తన ఒళ్ళోంచి ఆమె ఒళ్ళోకి జరిపాడు.

‘‘పొడుగు ఎవరికో నాకూ తెలియదు,’’ అన్నాడు. ‘‘ఈ రెండు చుట్లూ ఎవరికో నీకు తెలుసు.’’

మౌలాబీ తల వంచుకుంది. అప్పుడు ఏడ్చింది. నెల పైన ఏడు రోజుల్లో ఆమె ఏడవడం కరీముల్లా చూడలేదు, ఊళ్ళో ఎవరూ చూడలేదు. అతను గుమ్మంలోకి వచ్చి, చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళాడు.

ఏడుపు ఆగాక ముసలాయన తెల్లదారం ఉండ, దాని కింద ఉన్న ఇంకో మూడు ఉండలు ఆమె తువ్వాలులో పెట్టాడు.

‘‘మరి మీ టోపీలు?’’

‘‘ఈ నెలకు తలలు ఆగుతాయిలే.’’

ఆమె మూట కట్టుకుని లేచింది. మెట్లు దిగబోతుంటే ఆయన పిలిచాడు.

‘‘అమ్మాయ్, నేను వేసిన మూడు వరసలు వంకరగా ఉంటాయి. ఒక చోట కుట్టు కూడా తప్పిపోయింది. ఇంటికి పోయి అవి విప్పుకుని నీ చేత్తో సరిగ్గా వేసుకో.’’

మౌలాబీ అక్కడే మెట్టు మీద కూర్చుంది. మూట తీసింది. మూడో వరస చివర ఆయన వదిలిన చోట సూది దూర్చి, నాలుగో వరస మొదలుపెట్టింది. ఆయన తప్పిన కుట్టు మీదికి వచ్చినప్పుడు ఆమె వేళ్ళు ఒక్క క్షణం నెమ్మదించాయి. తర్వాత దాటి వెళ్ళాయి.

ఆ మూడు రోజులూ సెంటరు తెరవలేదు. దారం సన్నం కనుక ఆమె అనుకున్న దానికంటే ఎక్కువ వరసలు పట్టాయి. శనివారం సాయంత్రానికి ఆఖరి ఉండ అయిపోయింది. బజార్లో ఆ దారం దొరుకుతుందని సైదులు అన్నాడు. ఆమెకు వినబడలేదో, విననట్టు ఊరుకుందో తెలియదు.

ఆదివారం పొద్దున దర్గాలో ఫాతిహా అయ్యాక కబరస్తాన్‌కు వెళ్ళారు. నలభయ్యో రోజు తల్లి కూడా వెళ్ళడం ఆ ఊరి నూర్‌బాషాల్లో మొదటి నుంచీ ఉంది. ముసలాయన గట్టు దిగలేడు, రాలేదు. కరీముల్లా పూలు తెచ్చాడు. మేకల మాట ఎత్తలేదు. గుడ్డ నాలుగు కొసలకూ పెట్టడానికి నాలుగు నున్నటి రాళ్ళు కూడా ఏటి దగ్గర ఏరి తెచ్చాడు.

మౌలాబీ రంగుల గడి తల వైపు వచ్చేలా గుడ్డ పరిచింది. ఎర్ర, చిలకపచ్చ, పసుపు, చుట్టూ నీలం, అక్కడి నుంచి కింది దాకా తెలుపు. తల దగ్గర సరిపోయింది. పక్కలు సరిపోయాయి. కాళ్ళ వైపు బెత్తెడు మట్టి కప్పకుండా మిగిలింది.

సైదులు వంగి గుడ్డ కొస పట్టుకుని మెల్లగా లాగి చూశాడు. అందలేదు. భార్య మొహం వైపు చూశాడు. ఒక్క కుట్టు తేడా వస్తే ఊరుకునే మనిషి కాదని పద్నాలుగేళ్ళ కాపురంలో అతనికి తెలుసు.

‘‘ఇంటికి పోయి ఇంకో నాలుగు వరసలు వేసుకొస్తావా?’’ అన్నాడు. ‘‘దారం నేను తెస్తా. మేమిక్కడే కూర్చుంటాం.’’

మౌలాబీ కాళ్ళ వైపు కూర్చుంది. కప్పకుండా మిగిలిన మట్టిని అరచేత్తో ఒకసారి సర్ది, చెయ్యి అక్కడే ఉంచింది.

‘‘వద్దులే,’’ అంది. ‘‘దానికి పాదాలు బయట పెట్టుకుని పడుకోవడమే అలవాటు.’’